వ్యవసాయపు మోటారులు - విద్యుత్తు ఖర్చు

మన సంఘసభ్యులలో బోరులపై సేద్యము సాగించువారు మమ్ము తఱచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు. "విద్యుత్తు మనకు ఉచితమే గదా, దాని ధర పెరిగిన మనకేమి?" అని. జవాబు చెప్పుటకు ముందు చిన్న లెక్క యొకటి వేయవలసి యున్నది.

5 అశ్వశక్తుల మోటారు, అనగా మనవారు అయిదు హెచ్.పి. అనునది, గంటకు సుమారు నాలుగున్నర యూనిట్లు తీసికొనును. దినమునకు 9 గంటలు నడచినచో 40 యూనిట్లు. ఒక్క యూనిటును పుట్టించి, తీగెలమీదుగా మన పొలమునకు చేర్చుటకు 7 రూపాయలగునని ఉజ్జాయింపుగా అనుకొందము. దినమునకు 280 రూపాయలు. నూఱు దినముల పంటకు 28 వేలు. ఈ సొమ్ము రైతుచేతినుండి పోకున్నను ఎవరో యొకరు చెల్లింపవలసినదే. 2003వ సంవత్సరపు విద్యుత్తు చట్టములోని 65వ సెక్షను ప్రకారము, ఏ వర్గమువారికైనను రాయితీ నీయదలచిన రాష్ట్రప్రభుత్వము ఆ సొమ్మును పంపిణీసంస్థకు ముందుగానే చెల్లింపవలెను. బొగ్గు ధర పెరిగినకొలది ఈ పద్దు పెరుగును. చెల్లింపు ఆలస్యమైనచో పంపిణీసంస్థకు చేతిలో డబ్బాడదు. కాలిన ట్రాన్స్‌ఫార్మరు స్థానమున క్రొత్తది వచ్చుటకు దినములు పట్టును. తీగెలు పాతవై వోల్టేజి పడిపోవును. పెరిగిన ధర బిల్లురూపమున రాకున్నను, కాలిన మోటారు రూపమున, ఎండిన మడిరూపమున మన యింటికే వచ్చును.

పద్ధతులు మాఱుట యెంత సులభమో మీరే చూచియున్నారు. ఒకప్పుడు అశ్వశక్తికింత యని యేటేట చెల్లించు శ్లాబు పద్ధతి యుండెను. 1998లో సంస్కరణల చట్టము వచ్చెను. 2000లో ఛార్జీలు పెరుగగా, ఆ సంవత్సరము ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగులో నిరసన తెలుపవచ్చిన జనముపై పోలీసులు కాల్పులు జరుపుటయు, ప్రాణనష్టము కలుగుటయు ఎవరును మఱచినది కాదు. 2004 మే నెలలో ఉచిత విద్యుత్తు వచ్చెను. తెలంగాణమున 2018 జనవరి 1 నుండి 24 గంటల సరఫరా ఏర్పడెను. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము మోటారులకు మీటరులు బిగించి, రాయితీని రైతుఖాతాలో జమచేయు ఏర్పాటును ప్రకటించి, శ్రీకాకుళము జిల్లాలో ప్రయోగము మొదలిడెను. తెలంగాణ ప్రభుత్వము అప్పుడు మీటరులను నిరాకరించెను. ఇన్ని మార్పులు చూచిన తరువాత ఇక మార్పు రాదని నమ్మి సేద్యము చేయుట తెలివి కాదని మా అభిప్రాయము. ఏ పద్ధతి వచ్చినను తట్టుకొనగలవాడు ఒక్క యూనిటుతో ఎక్కువ నీరు పైకి తెచ్చుకొనువాడే.

మఱి మీ మోటారు ఎంత తెచ్చుచున్నదో తెలిసికొనుట యెట్లు? 200 లీటరుల పీపా యొకటి, గడియారము గల సెల్‌ఫోను ఒకటి చాలును. గొట్టపు మూతిక్రింద పీపాను ఉంచి, ఎన్ని సెకండ్లలో నిండునో చూడుడు. 40 సెకండ్లు పట్టినచో గంటకు 18,000 లీటరులు. తరువాత నీటిలోతు తెలిసికొనవలెను. బోరు త్రవ్విన లోతు కాదు సుమా! మోటారు నడచునపుడు నీరు ఎచ్చట నిలుచునో ఆ లోతు. అది 30 మీటరులు, అనగా నూఱడుగులకు కొంచెము తక్కువ, అనుకొందము. ఒక యూనిటు శక్తి, ఏమాత్రము నష్టము లేనిచో, 3,67,000 లీటరులను ఒక మీటరు ఎత్తునకు లేపును. కావున 18,000ను 30తో హెచ్చవేసి 3,67,000తో భాగింపగా దాదాపు ఒకటిన్నర యూనిటు వచ్చును. మోటారు తీసికొన్నది నాలుగున్నర. మూడింట ఒకవంతు మాత్రమే నీరెత్తుటకు పనికివచ్చినది; తక్కిన రెండువంతులు వేడిగను, గొట్టముల రాపిడిగను, అరిగిన ఇంపెల్లరు క్రిందను పోయినవి. పీపా 25 సెకండ్లలో నిండినయెడల సగముకంటె కొంచెమెక్కువ పనికివచ్చినట్లు. అది మంచి మోటారే.

నష్టమునకు కారణములలో గొట్టము మొదటిది. రెండంగుళముల గొట్టమునకు బదులు రెండున్నర అంగుళములది వేసినచో, అంతే నీటికి రాపిడినష్టము మూడవవంతునకు దిగును. వ్యాసము కొంచెము పెరిగిన నష్టము అంతగా తగ్గునని చాలమంది నమ్మరు. పీపాతో కొలిచి చూచినపుడు నమ్ముదురు. బావులపై మోటారు గలవారు ఫుట్‌వాల్వును మార్చవలెను. బోరులోని సబ్‌మెర్సిబులునకు ఆ బెడద లేదు.

కెపాసిటరు సంగతి వేఱు. ఉచిత విద్యుత్తు పథకమునందే ఐ.ఎస్.ఐ. ముద్రగల పంపు, మంచి గొట్టములు, రాపిడిలేని ఫుట్‌వాల్వులతోపాటు ఇదియు ఉండవలెనని 2005 ప్రాంతమున నిర్ణయించిరి. ఎందఱు బిగించిరి? బిగించినవారిలోను, చెడిపోయినపిదప మార్చినవారు తక్కువ. దీనికి కారణము లేకపోలేదు. కెపాసిటరు తీగెలలోని అనవసర ప్రవాహమును తగ్గించి వోల్టేజిని నిలుపును. కాని ఒక్క ట్రాన్స్‌ఫార్మరుక్రింద పదునైదు మోటారులుండగా ఒక్కరు బిగించినచో ఆ లాభము పదునేవురకు పంచబడి, ఖర్చు మాత్రము ఒక్కనికి మిగులును. పదునేవురు బిగించినచో అందఱి మోటారులు చల్లగా నడచును. ఒక్కొక్క రైతును ఒప్పించుటకు పోయిన ఉద్యోగులు ఇందుచేతనే విఫలులగుచున్నారు. ఇది సంఘము చేయవలసిన పని. ఒక ట్రాన్స్‌ఫార్మరుక్రింది సభ్యులందఱు ఒక్కసారి కొనుటయు, ఒక్కదినముననే సరఫరా ఆపించి, తెలిసిన పనివానిచేత బిగించుకొనుటయు మంచిది. సొంతముగా తీగెలలో చేయిపెట్టకుడు. ప్రతి వేసవిలోను పల్లెలలో ప్రాణములు పోవుచున్నవి.

ఆటోస్టార్టరులును అటువంటివే. కరెంటు రాగానే అన్ని మోటారులు ఒక్కమాఱు లేచిన ట్రాన్స్‌ఫార్మరు ఏమగునో చెప్పనక్కఱ లేదు. నీరు అవసరములేనప్పుడు కూడ అవి తోడుచునే యుండును.

ఇక పంట. ఎకరమున అంగుళము మందము నీరు కట్టుటకు లక్షపైచిలుకు లీటరులు కావలెను. నూఱడుగుల లోతునుండి, సగము నష్టముతో, దానికి 17 యూనిట్లగును. దాళ్వా వరికి 48 అంగుళములు, వేరుసెనగకు 20 అంగుళములు అనుకొన్నచో ఎకరమునకు వరి 816, వేరుసెనగ 340 యూనిట్లు. నీటిమట్టము రెండువందల అడుగులకు దిగినచో ఇవి రెట్టింపగును. బోరుక్రింద వరి వేయువారు ఈ లెక్కను ఒకసారి ఇంటిలో కూర్చుండి చూచుకొనవలెను. కాలువక్రిందివారిని మేము అనుటలేదు.

సూర్యరశ్మి మోటారుల కొఱకు కేంద్రప్రభుత్వము 2019లో కుసుమ్ పథకమును ఏర్పరచి, 7.5 అశ్వశక్తులవరకు ఖర్చులో కేంద్రము 30, రాష్ట్రము 30 వంతులు భరించి తక్కినది రైతు పెట్టుకొనునట్లు నిర్ణయించెను. డీజిలుపై ధరల నియంత్రణము 2014 అక్టోబరులో తొలగిన పిమ్మట ఇంజనుతో నీరు తోడువారికి ఇది నిజముగా మేలే. అయితే ఎండ ఉచితమైనపుడు నీటికి అడ్డు ఉండదు. పగలెల్ల తోడి పక్కవాని బోరును ఎండగొట్టవచ్చును. దీనికి ఒక ఉపాయము గుజరాతులో ఖేడా జిల్లా ఢుండి గ్రామపు రైతులు చూపిరి. 2016లో ఆఱుగురు సభ్యులు సహకారసంఘముగా చేరి, తమ సౌరమోటారులను విద్యుత్తు తీగెలకు కలిపి, మిగిలిన విద్యుత్తును యూనిటు 4 రూపాయల 63 పైసలకు పంపిణీసంస్థకు అమ్మసాగిరి. నీరు తోడిన లాభమా, తోడకుండ అమ్మిన లాభమా యని వారు ప్రతి ఉదయము చూచుకొనవచ్చును. ప్రభుత్వములు ఎంచుకొనదగిన మార్గములలో మాకు ఇదియే సరియైనదని తోచుచున్నది, ఏలయన రైతుచేతిలో తూకము పెట్టునది ఇదియొక్కటే.

ఈ దాళ్వా నారు పోయుటకు ముందు ప్రతి సభ్యుడును పీపాపరీక్ష చేసి, సెకండ్లు, నీటిలోతు, మోటారు అశ్వశక్తి, ట్రాన్స్‌ఫార్మరు నెంబరు ఒక చీటిపై వ్రాసి సంఘకార్యాలయమున ఈయవలెను. పీపా లేనివారికి కార్యాలయమునుండి ఇచ్చెదము. ఒక్క ట్రాన్స్‌ఫార్మరుక్రింద చీటీలన్నియు చేరినచోటనే ముందుగా కెపాసిటరుల కొనుగోలు జరుపబడును.