ఆకలి ఎక్కడ పుడుతుంది?

ఆకలి కడుపులో పుడుతుందని మనమందరం నమ్ముతాం. ఆ నమ్మకాన్ని ప్రశ్నించినవారిలో అమెరికా దేశపు మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ రోజిన్ ముఖ్యులు. 1936లో బ్రూక్లిన్‌లో జన్మించిన ఆయన 1961లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొంది, 1963లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవిలో ప్రవేశించారు.

ఆయన తొలి పరిశోధనలు ఎలుకలపై సాగాయి. బి1 విటమిను కొరవడిన మేత తిని నీరసించిన ఎలుక కొత్త మేతవైపు మళ్ళుతుంది. అది విటమినును పసిగట్టి కాదనీ, తనను రోగగ్రస్తం చేసిన పాత మేతను విషంలా ఏవగించుకొనడం వల్లనేననీ ఆయన తేల్చారు.

కాని ఎలుకలకు మిరపకారంపై మక్కువ కలిగించడం మాత్రం దాదాపు అసాధ్యమయింది. మరి మనుష్యులకు ఆ మక్కువ ఎలా కలిగింది? సమాధానం కోసం ఆయన మెక్సికోలోని ఒక కొండపల్లెకు వెళ్ళారు. ఆ పల్లెలోని పందులూ కుక్కలూ కూడా కారం లేని తిండినే కోరుకున్నాయి. పిల్లలు మాత్రం పెద్దల పంక్తిన కూర్చొని, ఎవరి బలవంతమూ లేకుండానే, క్రమంగా ఆ మంటను ఇష్టపడసాగారు. ఈ ఫలితాలను 1980లో ప్రకటించారు. మిరప మన దేశానికి పోర్చుగీసువారి వెంట వచ్చిన పంట. గుంటూరు కారాన్ని తరతరాల సొత్తుగా భావించే మనకు ఇది ఆసక్తికరమైన విషయమే.

ఆలంకారికులు బీభత్స రసానికి స్థాయీభావంగా చెప్పిన జుగుప్సను కూడా ఆయన ప్రయోగశాలలో పరీక్షించారు. రెండు సీసాలలోనూ చక్కెరే ఉన్నదని కళ్ళారా చూసి, ఒకదానికి ‘సైనైడు’ అనే చీటీని స్వహస్తాలతో అంటించినవారే, ఆ సీసాలోని చక్కెరను రుచి చూడడానికి వెనుకాడారు.

1998లో ప్రచురితమైన ప్రయోగం మరింత ఆలోచింపజేస్తుంది. తీవ్రమైన మతిమరుపుతో బాధపడుతున్న ఇద్దరు రోగులకు మధ్యాహ్న భోజనం ముగిసిన పది నుండి ముప్పై నిమిషాలలో మళ్ళీ భోజనం వడ్డించారు. వారు మామూలుగానే తిన్నారు. మూడవసారి వడ్డించినా తినడానికి ఉపక్రమించారు. జ్ఞాపకశక్తి చెక్కుచెదరని రోగులు రెండవ విస్తరినే నిరాకరించారు. కడుపు నిండినంత మాత్రాన చేయి ఆగదనీ, తిన్నామన్న స్మృతి కూడా ఉండాలనీ దీనివల్ల వెల్లడయింది.

మతి తప్పిన వృద్ధుడు భోంచేసి లేచిన కాసేపటికే “అన్నం పెట్టరా?” అని అడిగితే ఇంటివారు విసుగుకొంటారు. విన్న ఇరుగుపొరుగు కోడలిని ఆడిపోసుకొంటారు. ఆ వృద్ధుని మటుకు ఆ పూట భోజనం ఇంకా జరగనే లేదు.