టీఎస్‌హెచ్ పెరిగితే థైరాయిడ్ పెరిగినట్టా?

మన హాస్టళ్ళలో ఎవరికి కోపం వచ్చినా, మొటిమలు వచ్చినా, ఎవరైనా ప్రేమలో పడ్డా అందరూ చెప్పే కారణం ఒక్కటే: "హార్మోన్స్ రా!" నిజానికి 1905లో స్టార్లింగ్ అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త ఈ మాటను మొదట వాడినప్పుడు ప్రేమ, కోపం లెక్కలోనే లేవు. అంతకు మూడేళ్ళ ముందు ఆయన, బేలిస్ కలిసి కనిపెట్టిన సెక్రెటిన్ తిండి అరగడానికి సంబంధించింది. పేగు గోడ రక్తంలోకి పంపే ఒక కబురు, అంతే. అది అందగానే క్లోమం రసం వదుల్తుంది.

ఈ కబుర్లలో మన ఇళ్ళల్లో ఎక్కువ వినపడేది థైరాయిడ్. ఎక్కువ అపార్థాలూ దాని మీదనే. మా బోథ్ దిక్కు ఎవరి చేతిలోనైనా ల్యాబ్ రిపోర్టు ఉంటే ముందు అడిగేది "టీఎస్‌హెచ్ ఎంత?" అని. అది ఎనిమిదో, పదో ఉంటే "అమ్మో, థైరాయిడ్ ఎక్కువైంది" అంటారు. అసలు సంగతి దాదాపు ఎప్పుడూ దీనికి ఉల్టా.

కంట్రోల్ సిస్టమ్స్ చదివినవాళ్ళకు ఇది రెండు నిమిషాల పని. థైరాయిడ్ గ్రంథి గొంతు ముందు భాగంలో ఉంటుంది, థైరాక్సిన్ తయారుచేస్తుంది. మెదడు కింద ఉన్న పిట్యూటరీ రక్తంలో అది ఎంత ఉందో కనిపెడుతూ ఉంటుంది. తగ్గిందనుకోండి, "ఇంకా చెయ్యి" అని టీఎస్‌హెచ్ పంపుతుంది. ఎక్కువైతే టీఎస్‌హెచ్ తగ్గిస్తుంది. నెగెటివ్ ఫీడ్‌బ్యాక్, వేరే ఏం లేదు. అంటే టీఎస్‌హెచ్ థైరాయిడ్ చేసిన సరుకు కాదు, థైరాయిడ్‌కు వచ్చిన ఆర్డరు. ఆర్డర్లు కుప్పలుగా పడుతున్నాయంటే సరుకు రావడం లేదన్నమాట. పిట్యూటరీకే జబ్బు చేసిన అరుదైన కేసులు వేరు. అందుకే డాక్టర్లు టీఎస్‌హెచ్‌తో పాటు టీ4 కూడా చూస్తారు.

ఇక గోలి. "ఒక్కసారి మొదలుపెడితే అలవాటైపోతది" అనేది చాలామంది భయం. ఆ గోలిలో ఉండేది థైరాక్సినే, మన గ్రంథి చేసే అదే అణువు. తక్కువ పడ్డదాన్ని పూడుస్తుంది, మత్తుమందులా అలవాటు చేసేదేం లేదు. అయితే దీనికి ఒక చిక్కు గుణం ఉంది. రక్తంలో దీని అర్ధాయుష్షు దాదాపు 7 రోజులు. కాబట్టి పది రోజులు మానేసినా పెద్ద తేడా తెలియదు. "నేను మానేసిన, నాకేం కాలేదు" అనేవాళ్ళు అబద్ధం చెప్పడం లేదు, పాత స్టాక్ మీద నడుస్తున్నారు. డోసు మార్చాక ఐదు అర్ధాయుష్షులు, అంటే 35 రోజులు గడిస్తే గానీ లెక్క నిలకడకు రాదు. ఆరు వారాల తర్వాత మళ్ళీ టెస్టు చేయించమనేది అందుకే. వారానికే చేయించి "మందు పనిచేయట్లేదు" అనుకుంటే డబ్బులు దండగ.

పొద్దుగాల పరగడుపున నీళ్ళతోనే వేసుకోవాలి, చాయ్ అరగంట, గంట ఆగాలి. ఐరన్, కాల్షియం గోలీలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. మా దగ్గర సోయా బాగా పండుతుంది, మెస్‌లో మీల్ మేకర్ కూర తప్పదు. సోయా కూడా ఈ మందును సరిగ్గా ఒంటబట్టనివ్వదు, గోలి వేసుకున్న వెంటనే తినకపోతే చాలు. క్యాబేజీ మానాల్సిన పని లేదు, ఉడికించి మామూలుగా తినొచ్చు.

(ఆదివారం చికెన్ మీద వచ్చే "హార్మోన్ ఇంజెక్షన్" పుకారు గురించీ ఒక మాట. గ్రోత్ హార్మోన్ ఒక ప్రోటీన్. దాణాలో కలిపితే పప్పులా అరిగిపోతుంది. పనిచేయాలంటే షెడ్డులోని వేల కోళ్ళకు మళ్ళీ మళ్ళీ సూది వెయ్యాలి. ఏ రైతుకు గిట్టుబాటు? బ్రాయిలర్ త్వరగా పెరిగేది జాతి ఎంపిక వల్ల, దాణా వల్ల. థైరాక్సిన్ చిన్న అణువు కాబట్టే గోలిగా మింగినా పనిచేస్తుంది.)

నాకు అన్నిటికన్నా బాధగా అనిపించేది సంబంధాలు చూసే టైమ్‌లో అమ్మాయిలు గోలీలు దాచడం, మానేయడం. కడుపులో బిడ్డకు మొదటి మూడు నెలలు సొంత థైరాయిడ్ పనిచేయదు, మెదడు పెరుగుదలకు తల్లి థైరాక్సినే దిక్కు. చాలామందికి అప్పుడు డోసు పెంచాల్సి వస్తుంది కూడా. "పెళ్ళయ్యాక చూద్దాంలే" అనేది సరిగ్గా తప్పు టైమ్‌లో తీసుకునే నిర్ణయం.

థైరాక్సిన్ అణువులో నాలుగు అయోడిన్ పరమాణువులు ఉంటాయి. అయోడిన్ లేకపోతే ఫ్యాక్టరీకి ముడిసరుకు లేనట్టే. ఆర్డర్లు ఆగవు, గ్రంథి మాత్రం పని చేయలేక ఉబ్బుతుంది. గొంతు కింద కనిపించే ఆ వాపే గాయిటర్. మన ఆదిలాబాద్ ఏజెన్సీ ఊళ్ళు దీన్ని చూసినవే. బోథ్ నుంచి సముద్రం ఎటు పోయినా నాలుగు వందల కిలోమీటర్ల పైనే. ఇలాంటి లోపలి ప్రాంతాల్లో వానలకు మట్టిలోని అయోడిన్ కొట్టుకుపోతే, ఆ నేలలో పండిన పంటలోనూ అది ఉండదు.

దీనికి ఉప్పే మందని మన దేశంలో పెద్ద ఎత్తున రుజువు చేసినవాళ్ళలో ముఖ్యుడు తెలుగాయనే, శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి. 1956లో హిమాలయాల దగ్గరి కాంగ్రా లోయను మూడు భాగాలు చేశారు. రెండిటికి అయోడిన్ ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు. కొన్నేళ్ళలో ఆ రెండిట్లో గాయిటర్ బాగా తగ్గింది. తర్వాత మూడో భాగానికీ అదే ఉప్పు ఇస్తే అక్కడా తగ్గింది. 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. తినడానికి అయోడిన్ లేని ఉప్పు అమ్మకంపై నిషేధాన్ని 2000లో ఎత్తేసి, 2006లో మళ్ళీ పెట్టారు.

ఇప్పుడు కొత్త ఫ్యాషన్: "ప్యాకెట్ ఉప్పు కెమికల్, సైంధవ లవణం సహజం." సహజమే, కానీ అయోడిన్ కలపని సైంధవ లవణంలో అది నామమాత్రం. పచ్చళ్ళకు తెచ్చే దొడ్డుప్పు కూడా చాలాసార్లు అంతే. మనిషికి రోజుకు కావాల్సింది 150 మైక్రోగ్రాములు, గర్భిణికి 250. ఇంటికి చేరేసరికి కిలో ఉప్పులో 15 మిల్లీగ్రాములు తగ్గకుండా ఉండాలని నియమం. అయోడిన్ కోసమని ఉప్పు ఎక్కువ తింటే మాత్రం బీపీ వస్తది. హాషిమోటో లాంటి జబ్బుల్లో మన రోగనిరోధక శక్తే గ్రంథిని దెబ్బతీస్తుంది, అది ఉప్పుతో నయం కాదు. అక్కడ గోలీనే.

ఇంట్లో డబ్బాకు గట్టి మూత ఉండాలి, పొయ్యి పక్కన పెట్టొద్దు, తేమకూ వేడికీ అయోడిన్ పోతుంది. అనుమానముంటే ఆశా అక్కను అడగండి, ఉప్పు పరీక్ష కిట్టు ఉంటుంది. గంజిపిండి కలిసిన ద్రావణం ఒక చుక్క ఉప్పు మీద వేస్తారు. అయోడిన్ ఉంటే నీలం, ఊదా రంగుకు తిరుగుతుంది. లేకపోతే తెల్లగానే ఉంటుంది.