మంచు చిరుత: ఒళ్లంతా చలికోటు, రక్తం మాత్రం మామూలే

సూరత్‌లో తపతి ఉత్తర గట్టున ఉన్న అమ్రోలి దాదాపు సముద్రమట్టానికే ఉంటుంది. అక్కడ ఒక్క శ్వాసలో అందే ఆక్సిజన్‌లో సగానికి కాస్త ఎక్కువ మాత్రమే 5,000 మీటర్ల ఎత్తున లద్దాఖ్ కొండపై అందుతుంది. ఆక్సిజన్ శాతం రెండు చోట్లా 21 దగ్గరే. తగ్గేది గాలి పీడనం. చలికాలంలో ఉష్ణోగ్రత సున్నాకు 20 డిగ్రీల కిందికి కూడా దిగుతుంది. మంచు చిరుత కాపురం అలాంటి చోటే.

చలి సంగతి చూస్తే, దీని బొచ్చు 5 నుంచి 12 సెంటీమీటర్ల పొడవు. పొట్ట దగ్గరే అన్నిటికంటే పొడవు. మంచుకు తగిలేది ఆ భాగమే కదా! అయితే వెచ్చదనం వెంట్రుకది కాదు, వాటి మధ్య చిక్కుకున్న గాలిది. కదలని గాలి నీటికంటే ఇరవై రెట్లకు పైగా తక్కువగా వేడిని ప్రసరింపజేస్తుంది. సూరత్ మగ్గాలపై పనిచేసే తెలుగువారికి ఇది కొత్త కాదు: బిగుతుగా నేసిన పల్చని బట్టకంటే గుల్లగా ఉన్న ఉన్ని వెచ్చగా ఉంటుంది.

చెవులు చిన్నవి, గుండ్రనివి. వేడి పోయే చోటు తక్కువ. ముక్కు లోపలి గది విశాలం, చల్లగాలి ఊపిరితిత్తులను చేరేలోపే వెచ్చబడుతుంది. వెడల్పాటి పాదాలు బరువును పరచి, మెత్తటి మంచులో దిగబడకుండా కాపాడతాయి. పాదాల అడుగున కూడా బొచ్చు ఉంటుంది. ఇక తోక దాదాపు ఒళ్లంత పొడవు, మీటరు దాకా. కొండచరియపై భరల్‌ను (నీలి గొర్రెను) తరిమేటప్పుడు తూకం నిలిపేది అదే, పడుకున్నప్పుడు ముఖానికి దుప్పటీ అదే.

అసలు విడ్డూరం రక్తంలో ఉంది. హిమాలయాల మీదుగా ఎగిరి చలికాలంలో మన చెరువులకు వచ్చే చారల తల బాతు హిమోగ్లోబిన్, పల్చని గాలిలోనూ ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకుంటుంది. మంచు చిరుతకూ అలాంటిదే ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. 2015లో 'జర్నల్ ఆఫ్ ఎక్స్‌పెరిమెంటల్ బయాలజీ'లో వచ్చిన పరిశోధన వేరే మాట చెప్పింది. ఆక్సిజన్‌ను పట్టుకోవడంలో దీని హిమోగ్లోబిన్ ఇతర పిల్లిజాతి జంతువుల హిమోగ్లోబిన్ కంటే మెరుగైనది కాదు. ఇంట్లో పిల్లిది కూడా ఆ కోవలోదే. లోటును ఎక్కువగా ఊపిరి పీల్చడం వంటి ఇతర మార్గాల్లో పూడ్చుకోవాల్సిందే. 2013లో జరిగిన జన్యు అధ్యయనంలో మాత్రం ఆక్సిజన్ కొరతకు స్పందించే ఈజీఎల్‌ఎన్1, ఈపాస్1 జన్యువుల్లో మార్పులు కనిపించాయి. టిబెటన్లు ఎత్తులకు అలవాటు పడటంలోనూ ఇవే జన్యువుల పాత్ర ఉంది. ఆ మార్పులు చిరుత శరీరంలో ఏం చేస్తున్నాయన్నది ఆసక్తికరమైన ప్రశ్న.

2024 జనవరిలో కేంద్రం విడుదల చేసిన తొలి దేశవ్యాప్త అంచనా ప్రకారం మన దేశంలో 718 మంచు చిరుతలున్నాయి. వాటిలో 477 లద్దాఖ్‌లోనే. హైదరాబాద్‌లో పుట్టిన పద్మజా నాయుడు పేరుతో ఉన్న డార్జిలింగ్ జంతుప్రదర్శనశాల 1980ల నుంచి వీటిని పెంచుతోంది. కానీ అడవి చిరుత భవిష్యత్తు బోనుల్లో తేలేది కాదు. వాతావరణం వేడెక్కేకొద్దీ చెట్లు పెరిగే హద్దు పైకి జరుగుతుంది, చిరుతకు కావలసిన బోడికొండలు కుంచించుకుపోతాయి. ఇంకా పైకి పోదామంటే గాలి మరింత పల్చన.

ఈలోగా కింద పశువుల కాపర్లతో పేచీ. రాత్రి దొడ్డిలోకి దూకిన చిరుత బెదిరి పరుగులు తీసే మేకలను ఒక్కటితో ఆపకుండా వరసగా చంపేస్తుంది. ఒక్క రాత్రిలో ఏడాది సంపాదన పోయిన కాపరి పగ తీర్చుకోవాలనుకోవడంలో వింతేముంది? అందుకే లద్దాఖ్ గ్రామాల్లో ఇప్పుడు దొడ్లపై ఇనుప వల కప్పుతున్నారు.