ఆకు రోగం చెప్పాల్సిన ఫోటో: రా ఫైలా, జేపెగ్గా?

ఫోన్‌లో రా ఫోటో తీసి సరిచేసే పద్ధతి పై వీడియోలో చూపించాను. ఎందుకు అలా తీయాలో అందులో చెప్పడానికి టైం చాల్లేదు. అది ఇక్కడ రాస్తున్నా.

ముందు నా పొరపాటు చెప్తా. మా వేరుశనగలో ఆకులు పసుపు తిరిగాయి. మిట్టమధ్యాహ్నం ఎండలో ఒక ఫోటో కొట్టి, అనుభవం ఉన్న ఒక పెద్దాయనకి పంపాను. "ఆకు మొత్తం పసుపుగా ఉందయ్యా, నత్రజని చాల్లేదు, నీళ్లతోపాటు జీవామృతం పారించు" అన్నారు. రెండుసార్లు పారించాం. పసుపు ఇంకా ఎక్కువైంది. (వేరుశనగ నత్రజని తనే తెచ్చుకుంటుంది కదా అని అప్పుడే అడగాల్సింది, తట్టలేదు.) చివరికి ఆయనే చేలోకి వచ్చారు. పసుపు వచ్చింది లేత ఆకుల్లో, ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. అది ఇనుము అందనప్పుడు కనిపించే లక్షణం. సున్నం ఎక్కువున్న నేలలో నీళ్లు నిలిస్తే ఇది బాగా వస్తుంది. కాలువ తీసి నీళ్లు బయటికి పంపాల్సిన చేనుకి మేం ఇంకా నీళ్లు పెట్టాం. ఆయన తప్పేం లేదు. నేను పంపిన ఫోటోలో ఈనెలే కనపడలేదు.

ఎందుకు కనపడలేదు? కెమెరా లోపలి సెన్సర్ వెలుతురుని కొలుస్తుంది. ఆ కొలతల్ని దాదాపు కొలిచినట్టే దాచేది రా ఫైల్. ఫోన్లలో ఇది ఎక్కువగా డీఎన్‌జీ పేరుతో ఉంటుంది. అవే కొలతలకి ఫోన్ తనకి తోచిన రంగు, మెరుపు పట్టించి, కుదించి ఇచ్చేది జేపెగ్. రా అంటే వడ్లు, జేపెగ్ అంటే పాలిష్ బియ్యం అనుకోండి. బియ్యం వెంటనే వండుకోవచ్చు, సంచీ కూడా చిన్నదే. కానీ పోయిన తవుడుని మళ్లీ గింజకి అంటించలేం.

ఇక్కడ పోయే తవుడు ముఖ్యంగా రంగు. మన కన్ను వెలుగునీడల తేడాని పట్టినంత బాగా రంగుల్లో సన్న తేడాని పట్టదు. జేపెగ్ దీన్నే వాడుకుంటుంది. వెలుగుని ప్రతి చుక్కకీ రాసుకుంటుంది, రంగుని మాత్రం చాలాసార్లు నాలుగు చుక్కలకి కలిపి ఒక్కటే రాస్తుంది. తర్వాత బొమ్మని 8×8 చుక్కల గళ్లుగా కోసి, గడిలోని సన్న తేడాల్ని వదిలేస్తుంది. పెళ్లి ఫోటోకి దీంతో నష్టం లేదు. మనకి కావాల్సింది పసుపు మధ్యలో పచ్చ ఈనె. దూరం నుంచి తీస్తే అది రెండు మూడు చుక్కల వెడల్పే ఉంటుంది. పైగా వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో ఇంకోసారి కుదించుకుపోతుంది.

మెట్ల లెక్క ఇంకోటి ఉంది. జేపెగ్‌లో ఒక్కో రంగుకి 256 మెట్లే. 12 బిట్ల రా ఫైల్లో 4,096, 14 బిట్లయితే 16,384. ఎండకి తెల్లబోయినట్టున్న ఆకుని రా ఫైల్లో కొంతవరకు వెనక్కి లాగొచ్చు. పూర్తిగా మాడిపోయిన చోట అదీ ఏం చేయలేదు.

షేడ్‌నెట్ కింద నారు పెంచేవాళ్లు ఈ మాట గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ఆకుపచ్చ నెట్ కింద వెలుతురే పచ్చగా ఉంటుంది. ఫోన్ తన అంచనాతో రంగు మార్చి జేపెగ్‌లో ఖాయం చేసేస్తుంది. రా ఫైల్లో ఆ నిర్ణయం మన చేతిలో ఉంటుంది.

అందుకే ఆకు పక్కన తెల్ల కాగితం ముక్క పెట్టి, గొడుగు నీడలో, ప్రో మోడ్‌లో రా ఆన్ చేసి తీయండి. లేత ఆకు ఒకటి, ముదురు ఆకు ఒకటి, రెండూ కావాలి. స్నాప్‌సీడ్‌లోగానీ లైట్‌రూమ్‌లోగానీ తెరిచి, కాగితం తెల్లగా కనపడేదాకా వైట్ బ్యాలెన్స్ జరపండి, తర్వాత హైలైట్స్ కొంచెం తగ్గించండి. కంప్యూటర్ ఉంటే డార్క్‌టేబుల్, రాథెరపీ ఉచితంగానే దొరుకుతాయి. శాచురేషన్ జోలికి మాత్రం పోకండి. ఫోటో అందంగా వస్తుంది, రోగం దాక్కుంటుంది. అయ్యాక ఎక్కువ క్వాలిటీ జేపెగ్‌గా తీసి, వాట్సాప్‌లో ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. రా ఫైల్ మీ దగ్గరే ఉంచుకోండి, అదే మీ విత్తనం.

తెరవగానే రా ఫోటో వెలిసిపోయినట్టు, గరుకుగా కనిపిస్తుంది, కంగారు పడొద్దు. 12 మెగాపిక్సెల్ ఫోన్లో ఒక్కోటి 20 ఎంబీ దాకా తింటుంది కాబట్టి అన్నిటికీ వద్దు. అమ్మకానికి పెట్టే బెల్లం, పసుపు ఫోటోలకి మామూలు జేపెగ్ చాలు. పురుగుని గుర్తుపట్టాలన్నా రా కన్నా ఫోకస్ ముఖ్యం. మసగ్గా వచ్చిన పేనుబంకని ఏ ఫైలూ బాగు చేయలేదు.