బోర్డు మీద సింహాలెందుకప్పా!

మదనపల్లె, పుంగనూరు, కుప్పం అంగళ్లకు బోర్డులు రాస్తూనే నాకు తల నెరిసింది. బ్రష్షు పోయి ఫ్లెక్సు మిషను వచ్చినా గిరాకీ అడిగేది మాత్రం మారలేదు: “ఒక మూలన ఆ సింహాలు కూడా వేసెయ్యన్నా, దర్జాగా ఉంటుంది.” ఇప్పుడు మిషను ముందు కూర్చున్న పిల్లలకు చెబుతున్నా.

1. సింహాలు (అశోక ముద్ర) వేయొద్దు. ఆర్డరు పోతే పోనీ. 2005 జాతీయ చిహ్నం చట్టం ప్రకారం అక్రమ లాభం కోసం వ్యాపారానికి అశోక ముద్ర వాడితే ఆరు నెలలకు తగ్గకుండా రెండేళ్ల దాకా జైలు, దానికి తోడు 5,000 రూపాయల దాకా జరిమానా. “కొంచెం మార్చి వెయ్” అంటారు. చూసినవాడు సర్కారుదే అనుకునేట్టుంటే ఆ నకలూ తప్పే. రిటైరైన ఆఫీసర్లు విజిటింగ్ కార్డు మీద అడుగుతారు, మొహమాటపడొద్దు. ఆ చట్టం కింద వచ్చిన 2007 నిబంధనలు మాజీ మంత్రులకు, మాజీ ఎమ్మెల్యేలకు కూడా వద్దనే చెప్పాయి.

2. “ప్రజల డబ్బుతో గీయించిన బొమ్మ, అందరిదీ కదా” అనే తెలివైనవాళ్లు వస్తారు. ఆ మాట అమెరికాలో కొంత చెల్లుతుంది. అక్కడ ఫెడరల్ ఉద్యోగులు డ్యూటీలో చేసినదానికి కాపీరైటు లేదు. అయినా నాసా గుర్తును టీషర్టు మీద వేసి అమ్మాలంటే నాసా అనుమతి కావాల్సిందే. మన 1957 కాపీరైటు చట్టంలో సర్కారు గీయించిన బొమ్మకు సర్కారే హక్కుదారు, ప్రచురించాక 60 ఏళ్లు. ఆ గడువు తీరినా పని తీరదు, జనగణమననే చూడండి. 1919లో ఠాగూర్ మన మదనపల్లె బీసెంట్ థియోసాఫికల్ కాలేజీకి వచ్చినప్పుడే జనగణమనను ఇంగ్లిషులోకి మార్చాడు. ఆయన రచనల మీద కాపీరైటు 2001తో అయిపోయింది. అయినా జాతీయగీతం పాడేటప్పుడు కావాలని అడ్డుపడితే 1971 చట్టం కింద ఇప్పటికీ నేరమే.

3. అశోక ముద్రతో ట్రేడ్‌మార్కు రిజిస్టరు కాదు. ఫీజు దండగ.

4. మందుల అంగడి బోర్డంటే అందరి కన్నూ ఎర్ర క్రాసు మీదే. తెల్లటి నేల మీద సమానమైన నాలుగు ఎర్ర చేతులు గీస్తే అది రెడ్‌క్రాస్ గుర్తు. యుద్ధంలో గాయపడ్డవాళ్లను మోసే బండి మీద తుపాకీ పేల్చకుండా కాపాడేది అదే. 1960 నాటి జెనీవా ఒప్పందాల చట్టం అనుమతి లేకుండా దాన్ని వాడొద్దంది. క్లినిక్కులకూ అదే మాట. ఎర్ర రంగు డబ్బా పక్కన పెట్టి ఆకుపచ్చ క్రాసు వేయండి.

5. వేయాల్సిన గుర్తులూ ఉన్నాయి. ఊరగాయ లేబులుకు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ గుర్తు, కింద 14 అంకెల నంబరు. ఐఎస్‌ఐ మార్కుకు పైన ప్రమాణం నంబరు, కింద లైసెన్సు నంబరు. గిరాకీ వాట్సాప్‌లో పంపిన బొమ్మను నమ్మొద్దు, లైసెన్సు కాగితం చూపమనండి. అంకెలు ఒక్కొక్కటే పైకి చదివించుకుని టైపు కొట్టండి. పైపుల కంపెనీకి లైసెన్సు ఉంటే అది ఆ పైపుకే, అమ్మే అంగడి బోర్డుకు కాదు.

6. జిరాక్సు అంగళ్లవాళ్లు ఆధార్ గుర్తు పెద్దదిగా అడుగుతారు. సెంటరుకు అనుమతి ఉందా అని అడగండి. లేకపోతే “జిరాక్స్, పాన్ అప్లికేషన్లు, కరెంటు బిల్లులు” అని లావు అక్షరాలు చాలు. కుప్పంలో అయితే తమిళం, కన్నడంలో కూడా రాయండి, బేరం పెరుగుతుంది.

7. నిజంగా ఆఫీసు నుంచే ఆర్డరు వస్తే లెటరు తీసుకుని, బొమ్మ ఫైలు వాళ్ల దగ్గరే అడగండి. ఆంధ్రప్రదేశ్ ముద్ర 2018లో మారింది, పూర్ణఘటం కొత్త రూపు దిద్దుకుంది. కంప్యూటర్లో పాత ఫైలు ఇంకా ఉంటే ఈరోజే తీసేయండి.