ఆరోగ్య ప్రశ్నోత్తరాలు: డీటీఎఫ్ ప్రింటింగ్ గదిలో దగ్గు, దురద

ప్రశ్న: నా వయసు 34. అనంతపురంలో టీషర్టులకు డీటీఎఫ్ (డైరెక్ట్ టు ఫిల్మ్, అంటే ముందు ఫిల్మ్ మీద అచ్చువేసి తర్వాత బట్టకు అంటించే) ప్రింటింగ్ చేస్తాను. ఎండాకాలంలో వైట్ ఇంక్ నాజిళ్లు ఊరికే ఎండిపోతున్నాయని ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆపేసి, కిటికీలు మూసి, ఏసీ పెట్టించాను. మూడు నెలలుగా సాయంత్రమయ్యేసరికి పొడిదగ్గు, ఛాతీ పట్టేసినట్టు ఉండటం, రాత్రి పిల్లికూతలు. దగ్గు మందు తాగినా తగ్గలేదు. ఆదివారం మాత్రం హాయిగా ఉంటోంది. ఇది ఇంకు వల్లేనా?
- ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది ఆదివారం సంగతి. పని ఉన్న రోజుల్లో పెరిగి, సెలవు రోజు తగ్గే దగ్గు, ఆయాసం ఉంటే వృత్తి వల్ల వచ్చే ఆస్తమాను తప్పకుండా అనుమానించాలి. దాన్ని దగ్గు మందుతో నెట్టుకు రావడం ప్రమాదం. ఊపిరితిత్తుల వైద్యుణ్ణి కలిసి స్పైరోమెట్రీ చేయించుకోండి. దాంతోపాటు ఒక పీక్ ఫ్లో మీటర్ కొనుక్కుని, రోజుకు నాలుగుసార్లు ఊది, వచ్చిన అంకెను టైముతో సహా రాసిపెట్టండి. కనీసం మూడు వారాలు, సెలవు రోజులు కూడా కలిసేలా రాస్తే, జబ్బుకు మూలం షాపులో ఉందో లేదో ఆ కాగితమే చాలావరకు చెబుతుంది.

ఇక మూలం సంగతి. సీసాలో ఉన్న ఇంకు నీళ్లు, గ్లైకాల్, రంగు కలిసిన ద్రవం. అది ఊరికే ఊపిరితిత్తుల్లోకి రాదు. నా అనుమానం ఆ తర్వాతి రెండు పనుల మీద. మొదటిది ఫిల్మ్ మీద పౌడర్ చల్లడం, దులపడం. ఆ పౌడర్ మెత్తగా పొడిచేసిన పాలీయురెథేన్ జిగురు. అందులోని సన్న రేణువులు గాలిలో చాలాసేపు తేలుతాయి. రెండోది ఓవెన్. పౌడర్ కరిగేటప్పుడు ఇంకులోని గ్లైకాల్ ఆవిరై తెల్లటి పొగలా లేస్తుంది. అది గొంతును, శ్వాసనాళాలను రేపుతుంది. చాలా పౌడర్లకు తయారీదారులు చెప్పే వేడి 110 నుంచి 140 డిగ్రీల లోపే. థర్మోస్టాట్ చెడిపోయి అంతకు బాగా మించి, 200 దాటితే పాలీయురెథేనే విడిపోవడం మొదలై ఐసోసయనేట్లు వెలువడే అవకాశం ఉంది. ఆస్తమా తెచ్చే పారిశ్రామిక రసాయనాల్లో వీటిది ముందు వరస. వీటికి ఒకసారి ఒళ్లు ఎదురుతిరగడం మొదలైందంటే, తర్వాత రవ్వంత తగిలినా ఆయాసం వస్తుంది. అందుకే తొందరపడమంటున్నాను. త్వరగా కనిపెట్టి ఆ గాలికి దూరమైనవాళ్లే బాగా కోలుకుంటారు.

నాజిళ్ల కోసం గది మూసేశానన్నారు. మీ బాధ అర్థమైంది. ప్రింటర్ హెడ్ పాడైతే ఖర్చు మామూలుగా ఉండదు. కానీ స్ప్లిట్ ఏసీ బయటి గాలిని తీసుకురాదు, లోపలి గాలినే తిప్పుతుంది. పైగా గాలిలోని తేమను లాగేస్తుంది. అంటే మీరు మూసిన గదిలో పొగ మిగిలింది, నాజిళ్లకు కావలసిన తేమ పోయింది. ప్రింటర్‌కు కావలసింది 40 నుంచి 60 శాతం తేమ. దాన్ని ప్రింటర్ పక్కన చిన్న హ్యూమిడిఫైయర్‌తో ఇవ్వండి. ఒక హైగ్రోమీటర్ గోడకు తగిలించి రోజూ చూడండి. పొగకు గదంతా ఊడ్చే ఫ్యాన్ అక్కర్లేదు. ఓవెన్ పైన రేకు గొట్టం పెట్టి, పొగ పుట్టినచోటే లాగి బయటికి వదలండి. ఓవెన్‌నూ పౌడర్ పనినీ పక్క గదికి మార్చగలిగితే ఇంకా మంచిది. హెడ్ మీద పౌడర్ పడే బెడద కూడా పోతుంది.

మాస్కు గురించి ఒక మాట. ఎన్95 పౌడర్‌ను ఆపుతుంది, పొగలోని ఆవిరిని ఆపదు. గుడ్డ మాస్కు రెంటినీ ఆపదు. నేల మీద పడిన పౌడర్‌ను చీపురుతో ఊడవకండి, తడిగుడ్డతో తుడవండి. బ్లోయర్‌తో ఊదడం అసలు వద్దు.

ప్రశ్న: విజయవాడలో ఒక ప్రింటింగ్ యూనిట్‌లో పనిచేస్తున్నాను. రోజూ పొద్దున్నే వైట్ ఇంక్ రాదు. సిరంజితో క్లీనింగ్ లిక్విడ్ ఎక్కించి హెడ్ తెరిపించడం నా పనే. వేళ్ల సందుల్లో దురద, చర్మం పగిలి మంట. మెడికల్ షాపులో ఇచ్చిన ఆయింట్‌మెంట్ రాస్తే తగ్గి, మళ్లీ వస్తోంది.
- ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఇది కాంటాక్ట్ డెర్మటైటిస్ లాగా ఉంది. క్లీనింగ్ లిక్విడ్ చర్మంలోని నూనెను లాగేస్తే వచ్చేది ఒక రకం. ఇంకు పాడవకుండా కలిపే ఐసోథయజోలినోన్ లాంటి ప్రిజర్వేటివ్‌లు ఒంటికి పడక వచ్చే అలర్జీ మరో రకం. రెండూ చూపుకు ఒకేలా ఉంటాయి. చర్మవ్యాధి నిపుణులు ప్యాచ్ టెస్ట్ చేసి తేలుస్తారు. మీరు వాడిన ఆయింట్‌మెంట్ స్టెరాయిడ్, ఫంగస్ మందు కలిపిన రకం కావచ్చు. ఇలా సొంతంగా రాస్తూ పోతే చర్మం పలచబడుతుంది, అసలు జబ్బు మరుగున పడుతుంది. దాన్ని ఆపి, చూపించుకోండి. చేతులకు నైట్రైల్ గ్లౌజులు వేసుకోండి. లోపలికి లిక్విడ్ పోతే వెంటనే మార్చండి, తడిసిన గ్లౌజు ఉత్త చేతికన్నా హాని. రంగు పోవాలని చేతులను అదే లిక్విడ్‌తోనో థిన్నర్‌తోనో కడుక్కునే అలవాటు ఉంటే ఈ రోజే మానండి. తేలికపాటి సబ్బు, ఆ తర్వాత పెట్రోలియం జెల్లీ చాలు.

కానీ చేతులు నయం కావాలంటే రోజూ హెడ్ ఎందుకు మూసుకుంటోందో కూడా తేలాలి. లేకపోతే నేను రాసే మందు మీ యజమాని సిరంజి ముందు నిలబడదు. నా దగ్గరికి వచ్చే ప్రింటింగ్ వాళ్ల నుంచి, మెకానిక్కుల నుంచి విన్నది చెబుతాను. వైట్ ఇంకులోని టైటానియం డయాక్సైడ్ నీటికన్నా దాదాపు నాలుగు రెట్లు బరువు. కదలకపోతే కూరలో కారంలా అడుగున పేరుకుంటుంది. రాత్రి మిషన్ ఆపితే ఇంకును తిప్పే సర్క్యులేషన్ పంపు కూడా ఆగిపోతోందేమో చూడండి. పొద్దున్నే ట్యాంకును మెల్లగా కలిపి, నాజిల్ చెక్ (పరీక్ష గీతల ప్రింట్) తీయండి. రోజూ ఒకేచోట గీతలు మాయమైతే అక్కడ ఇంకు ఎండింది. మొదట్లో అన్నీ ఉండి, ప్రింట్ సాగేకొద్దీ రాలిపోతుంటే హెడ్‌కు ఇంకు అందడం లేదు. హెడ్‌కు ఇంకు అందించే డ్యాంపర్‌లోని జల్లెడ పూడి ఉంటుంది, లేదా ట్యూబు జాయింట్ దగ్గర గాలి పీలుస్తుంటుంది. దీనికి ఎన్నిసార్లు హెడ్ క్లీనింగ్ కొట్టినా లాభం లేదు, డ్యాంపర్ మార్చాలి లేదా జాయింట్ బిగించాలి. రాత్రి బాగున్నది పొద్దున్నకు ఎండితే పని లేనప్పుడు హెడ్‌ను మూసి ఉంచే క్యాపింగ్ స్టేషన్ రబ్బరు సరిగా కూర్చోవడం లేదు. రబ్బరు అంచుకు పట్టిన ఇంకును సాయంత్రం తుడిచి, నాలుగు చుక్కల లిక్విడ్ వేసి మూయండి. ఈ జాగ్రత్తతో సిరంజి పట్టే రోజులు బాగా తగ్గుతాయి.

ప్రశ్న: సిరంజి గట్టిగా నొక్కితే పైపు ఊడి క్లీనింగ్ లిక్విడ్ కంట్లో పడింది. ఇలాంటప్పుడు ముందు ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: పరుగున కుళాయి దగ్గరికి వెళ్లి, రెప్పలు తెరిచిపట్టి, కనీసం 15 నిమిషాలు ధారగా నీళ్లు పోయాలి. కాంటాక్ట్ లెన్స్ ఉంటే కడుగుతూనే తీసేయాలి. నలపకూడదు. చనుబాలు, ఆముదం, ఇంట్లో మిగిలిన చుక్కల మందు వేయకూడదు. కడగడం పూర్తయ్యాకే, సీసా మీది లేబుల్ ఫొటో తీసుకుని కంటి వైద్యుల దగ్గరికి వెళ్లండి. మీకైతే మెహదీపట్నంలో సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉంది. నొప్పి తగ్గినా చూపించుకోవాల్సిందే. సిరంజి పట్టినప్పుడు కళ్లద్దాలు చాలవు, పక్కలు మూసిన గాగుల్స్ కావాలి. పిస్టన్‌ను బలంగా తోస్తే హెడ్‌కు కూడా దెబ్బే. నానబెట్టి, మెల్లగా లాగడమే పద్ధతి.

ప్రశ్న: ఇంట్లోనే ముందుగదిలో చిన్న డీటీఎఫ్ ప్రింటర్ పెట్టుకున్నాను. మూడేళ్ల బాబు ఉన్నాడు. క్లీనింగ్ లిక్విడ్ పెద్ద క్యాన్‌లో వస్తే నీళ్ల బాటిల్లోకి వంచుకుని వాడతాను. పర్వాలేదా?
- ఒక తల్లి, సిద్దిపేట

జవాబు: పర్వాలేదు అనలేనమ్మా. ఆ బాటిల్‌ను ఇప్పుడే తీసేయండి. కొన్ని ఇంకుల్లో, లిక్విడ్లలో ఎథిలీన్ గ్లైకాల్ ఉంటుంది. అది తియ్యగా ఉంటుంది, పిల్లలు ఉమ్మేయరు. తాగిన మొదటి గంటల్లో మత్తుగా, తూలుతున్నట్టు మాత్రమే కనిపించి, తర్వాత ఊపిరి వేగం పెరిగి, ఒకటి రెండు రోజుల్లో మూత్రపిండాలు దెబ్బతింటాయి. బాబు గుక్కెడు తాగాడన్న అనుమానం వచ్చినా లక్షణాల కోసం ఎదురుచూడకండి. ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించకండి. 108కు ఫోన్ చేసి, సీసాతో సహా పిల్లల వైద్యం, డయాలసిస్ రెండూ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. వేళకు చేరితే విరుగుడు ఉంది.

లిక్విడ్ దాని అసలు క్యాన్‌లోనే, తాళం వేసే అలమరలో ఉండాలి. వాడేసిన ఇంకు చేరే వేస్ట్ ట్యాంకు కూడా బాబుకు అందకూడదు. కొన్న షాపువాళ్లను సేఫ్టీ డేటా షీట్ అడిగి తీసుకుని దగ్గర పెట్టుకోండి, అవసరమైతే వైద్యులకు అదే చూపించవచ్చు. ఓవెన్ నడిచేటప్పుడు బాబు ఆ గదిలో ఉండకూడదు. పని ముగిశాక కూడా నేల తడిగుడ్డతో తుడిచి, అరగంట కిటికీలు తెరిచి ఉంచి, ఆ తర్వాతే లోపలికి రానివ్వండి.