కరెంటును మోసే జెల్లీ: చెడిన నరం మళ్ళీ బాగవుతుందా?



షుగరు జబ్బు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గిన ఒక పెద్దాయన మా ఓపీకి వచ్చారు. కంది చేలో తుమ్మ ముల్లు గుచ్చుకుని అప్పటికి మూడు వారాలైంది. నొప్పి తెలియలేదు గనుక పట్టించుకోలేదు. "నరాలను బాగుచేసే కరెంటు జెల్లీ వస్తోందని మా అబ్బాయి పేపర్లో చదివి చెప్పాడండీ. అది వచ్చేదాకా చూద్దామనుకున్నాను" అన్నారు. బొటనవేలు అప్పటికే నల్లబడింది. వేలు తీసివేయక తప్పలేదు.

ఆయన విన్నది అబద్ధం కాదు, కాని సగమే విన్నారు. మిగతా సగం ఈ పాఠంలో తెలుసుకుందాం.

హైడ్రోజెల్ అంటే ఏమిటి?

సబ్జా గింజలను నీళ్ళలో వేస్తే చుట్టూ జిగురు పొర ఉబ్బుతుంది. హైడ్రోజెల్ కూడా అటువంటిదే. కంటికి కనబడని సన్నని వలలో నీరు పట్టి ఉంటుంది. మెత్తగా, తడిగా ఉండటం వల్ల ఇది మన కండకు దగ్గరగా ఉంటుంది. 1960లో విఖ్తెర్లె, లిమ్ అనే చెక్ శాస్త్రవేత్తలు శరీరానికి పనికివచ్చే ఇటువంటి జెల్ గురించి ప్రకటించారు. మెత్తని కాంటాక్ట్ లెన్సులు దాని నుండే వచ్చాయి. ఎండిన పుండ్లపై తడి నిలిపే జెల్ కట్లు నేడు వాడుకలో ఉన్నాయి.

2022లో హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, ఐఐటి, సిసిఎంబి కలిసి, మనిషి కార్నియా నుండి తీసిన పదార్థంతో జెల్ చేసి, దానితో కార్నియాను ముద్రించి కుందేలు కంటిలో అమర్చాయి.

కరెంటు ఎందుకు?

మన గుండె కొట్టుకునేది, నరం కబురు మోసేది సన్నని విద్యుత్తుతోనే. ఇ.సి.జి. తీసేటప్పుడు ఛాతీపై రాసే జెల్లీని మీరు చూసే ఉంటారు. అందులోని లవణాలు గుండె విద్యుత్తును యంత్రానికి చేరవేస్తాయి.

గుండెపోటు వచ్చినచోట కండరం చచ్చి మచ్చ కడుతుంది. ఆ మచ్చ గుండా విద్యుత్తు సరిగా సాగదు. తెగిన నరంలో కూడా దారి ఆగిపోతుంది. అక్కడ విద్యుత్తును మోసే మెత్తని వంతెన వేయగలమా అన్నదే శాస్త్రవేత్తల ఆలోచన. అందుకు జెల్‌లో పాలిపైర్రోల్ వంటి ప్రత్యేక ప్లాస్టిక్‌ను గాని, కార్బన్ రేణువులను గాని కలుపుతారు. ప్లాస్టిక్ కూడా విద్యుత్తును మోయగలదని కనుగొన్న హీగర్, మెక్‌డయర్మిడ్, షిరకావాలకు 2000లో నోబెల్ బహుమతి లభించింది.

ఇప్పుడు ఎంతవరకు వచ్చింది?

ఎలుకలపై చేసిన ప్రయోగాల్లో ఆశ కలిగించే ఫలితాలు వచ్చాయి. కాని ఆ జెల్ శరీరంలో ఎంతకాలం నిలుస్తుంది, కరిగాక ఆ ముక్కలు ఎక్కడికి పోతాయి అనేవి ఇంకా తేలవలసి ఉంది. షుగరు వల్ల చెడిన నరాన్ని బాగుచేసే జెల్ మామూలు వైద్యంగా ఇంకా రాలేదు. ఎవరైనా అమ్మజూపితే నమ్మకండి. తెగిన నరం తిరిగి పెరిగినా, రోజుకు సుమారు 1 మిల్లీమీటరు మాత్రమే పెరుగుతుంది. పుండులోని చీము అంతకాలం ఆగదు.

మనం చేయవలసినవి

1. షుగరు ఉన్నవారు రోజూ రాత్రి రెండు పాదాలు, వేళ్ళ సందులు చూసుకోవాలి. చూపు ఆనకపోతే ఇంట్లోవారు చూడాలి.
2. చేలో, రాళ్ళ గనిలో చెప్పులు లేకుండా నడవకూడదు. తొడిగే ముందు చెప్పులు దులపాలి.
3. స్పర్శ లేని కాళ్ళకు వేడినీటి కాపడం పెట్టకూడదు.
4. గాయమైతే సబ్బు, శుభ్రమైన నీటితో కడిగి, శుభ్రమైన గుడ్డ కట్టి, అదే రోజు ఆసుపత్రికి రావాలి. సున్నం, పసరు, కిరోసిన్ వేయకూడదు.
5. చర్మంపై స్పర్శ లేని పాలిపోయిన మచ్చ ఉంటే కుష్ఠు పరీక్ష చేయించుకోవాలి. దాని మందులు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం.

రేపటి వైద్యం తప్పక వస్తుందని మేమూ ఆశిస్తున్నాము. అది వచ్చే నాటికి మీ కాలు మీకు ఉండాలి. ఈ రాత్రే ఒకసారి పాదాలు చూసుకోండి.

ఆలోచించండి

1. నొప్పి లేని పుండు ఎందుకు ఎక్కువ ప్రమాదం?
2. మీ ఇంట్లో ఎవరి పాదాలు ఎవరు చూస్తున్నారు?